యూనివర్సిటీలో మొదటి నెల
– పీజీకి పోయే తమ్ముళ్ళకు ఒక అన్న చెప్పే మాటలు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు కవిత రాద్దామా, కథ రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి అవేవీ కాదు, నేను పీజీలో చేరేటప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతులు రాయాలనిపించింది. ఎందుకంటే ఆ సంగతులు తెలియక మా బ్యాచ్‌లో ఒకడు వచ్చిన సీటు పోగొట్టుకున్నాడు.

వాడూ నేనూ వనపర్తిలో ఒకే హాస్టల్లో, ఒకే గదిలో పెరిగాం. ఇద్దరం ఒకే రోజు ఎంట్రెన్స్ రాశాం. నాకంటే వాడికే మంచి ర్యాంకు వచ్చింది. కానీ రిపోర్టింగు చివరి రోజు సాయంత్రం దాకా వాడి చేతికి టీసీ రాలేదు. మార్కుల మెమోలన్నీ ఉన్నాయి, కుల ధ్రువీకరణ పత్రం ఉంది, తెలివి ఉంది. ఒక్క కాగితం లేదు. ఆ రాత్రి మహాత్మాగాంధీ బస్ స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద కూర్చొని, "ఇంటికి పోయి అమ్మకు ఏమని చెప్పాలిరా" అని వాడు అడిగిన మాట నేను మరచిపోలేదు.

మన ఇండ్లలో చాలామందికి డిగ్రీ అంటే ఏమిటో, పీజీ అంటే ఏమిటో తెలియదు. మా నాయిన గుంపు మేస్త్రీ వెంట పూణే, బొంబాయి పోయి రాళ్ళు మోసిన మనిషి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. చదువుకున్న ఇంటి పిల్లలకు ఇలాంటి సంగతులు అన్నం తింటూ ఉండగానే తెలిసిపోతాయి. మనకు ఎవరో ఒకరు కూర్చొని చెప్పాలి. అందుకే ఈ వ్యాసం.

ఎక్కడ చదవాలి?

మన ఉమ్మడి పాలమూరు జిల్లా 2016 అక్టోబరు 11న విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలయ్యాయి. అయినా మనందరికీ దగ్గరి యూనివర్సిటీ ఒకటే. అది మహబూబ్‌నగర్ దగ్గర బండమీదిపల్లిలో ఉన్న పాలమూరు విశ్వవిద్యాలయం. ఒకప్పుడు ఉస్మానియాకు పీజీ సెంటరుగా ఉన్నది 2008లో యూనివర్సిటీ అయింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో దానికి పీజీ సెంటర్లు పెట్టారు. ఇంటికి దగ్గర ఉండి చదువుకోవాలనుకునేవారికి, ముఖ్యంగా దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోని మన అక్కచెల్లెళ్ళకు ఇవి పెద్ద ఆసరా.

హైదరాబాదులో 1918లో స్థాపించిన ఉస్మానియా ఉంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఈ రెండింటికీ దారులు వేరు. ఉస్మానియా, పాలమూరు, కాకతీయ, మహాత్మాగాంధీ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీలన్నింటికీ కలిపి సీపీగెట్ అనే ఒకే ప్రవేశ పరీక్షను ఉస్మానియా నిర్వహిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చొని 90 నిమిషాల్లో 100 ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకండి. సెంట్రల్ యూనివర్సిటీకి మాత్రం దేశమంతటికీ జరిగే సీయూఈటీ పీజీ పరీక్ష రాయాలి. దాని నోటిఫికేషన్ చాలా ముందుగా, డిగ్రీ చివరి సంవత్సరం నడుస్తుండగానే వస్తుంది. పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకున్నవారికి అప్పటికే గడువు దాటిపోతుంది.

ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్తాను. ఒకటి, మీకు నిజంగా ఇష్టమైన కాలేజీనే పైన పెట్టండి. కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొదట దొరికిన దగ్గర ఆగిపోతుంది. రెండు, కోర్సు పేరు పక్కన "సెల్ఫ్ ఫైనాన్స్" అని ఉందో లేదో చూడండి. పేరు ఒకటే, బిల్డింగు కూడా ఒకటే ఉండవచ్చు. ఫీజు మాత్రం రెగ్యులర్ సీటు కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంటర్నెట్ సెంటరు వాడికి అప్పగించి చాయ్ తాగడానికి పోకండి. పక్కన కూర్చొని ఒక్కొక్క ఆప్షన్ మీరే చదివి పెట్టించండి.

ముందు ఫైలు, తర్వాత సంచి

పీజీకి పోయేవాడు బట్టల సంచి కంటే ముందు ఫైలు సర్దుకోవాలి. అందులో ఉండవలసినవి ఇవి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, చదువుకున్న స్కూళ్ళ బోనఫైడ్‌లు, మీ సేవ నుంచి తీసిన కుల ధ్రువీకరణ పత్రం, తాజా ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పది పాస్‌పోర్టు ఫొటోలు. పాలమూరు యూనివర్సిటీలో డిగ్రీ చేసి ఉస్మానియాకు పోయేవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. దాన్ని కాలేజీ ఇవ్వదు, మనం డిగ్రీ చేసిన యూనివర్సిటీ ఇస్తుంది. అప్లికేషన్ పెట్టి, ఫీజు కట్టి తెచ్చుకోవాలి. ప్రతి కాగితానికీ మూడు జిరాక్సు సెట్లు ఉంచండి. ఫోన్లో ఫొటోలు తీసి డిజిలాకర్‌లోనూ పెట్టుకోండి.

టీసీ సంగతి నా అనుభవంతో చెప్తాను. నేను డిగ్రీ చదివింది ఒక ప్రైవేటు కాలేజీలో. టీసీ అడిగితే, "నీ స్కాలర్‌షిప్ ఫీజు ప్రభుత్వం నుంచి మాకు ఇంకా రాలేదు, 14,000 కట్టి తీసుకుపో" అన్నారు. మూడుసార్లు తిరిగాను. ప్రభుత్వం ఇవ్వవలసిన బాకీని కూలివాడి కొడుకు కట్టాలనడం ఏ న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి మన వార్డెన్ సారే దారి చూపారు. నోటిమాటగా అడగొద్దు, కాగితం మీద పెట్టు అన్నారు. ప్రిన్సిపాల్ పేర దరఖాస్తు రాసి, సీటు అలాట్‌మెంట్ ఆర్డరు జతచేసి, ఫలానా తేదీలోగా టీసీ ఇవ్వకపోతే సీటు పోతుందని స్పష్టంగా పేర్కొని, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాను. సారు కూడా కాలేజీకి ఫోన్ చేశారు. ఫీజు డబ్బు నా ఖాతాలో పడితే వెంటనే కడతానని హామీపత్రం రాయించుకొని, ఐదో రోజు టీసీ ఇచ్చారు. నా దోస్తు మాత్రం నోటిమాటతోనే తిరిగాడు. వాడి దగ్గర ముద్ర పడిన కాగితం ఒక్కటీ లేదు. మా ఇద్దరి మధ్య తేడా అంతే.

ఇంకొక సంగతి. చేరిన చోట మీ ఒరిజినల్ సర్టిఫికెట్లను సరిచూసి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర పెట్టుకోరాదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఎవరైనా పెట్టుకుంటామంటే ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. ఎక్కడైనా ఒరిజినల్ ఇవ్వక తప్పకపోతే ఏయే కాగితాలు ఇచ్చారో రసీదు తీసుకోండి.

తొలిరోజులు: ఎక్కడ పడుకోవాలి?

గద్వాల వాళ్ళకు రైలు ఉంది, కాచిగూడలో దిగవచ్చు. అక్కడినుంచి ఎంఎంటీఎస్ ఎక్కితే విద్యానగర్, జామై ఉస్మానియా దాటగానే ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ వస్తుంది. వనపర్తి రోడ్ స్టేషన్ పట్టణానికి దూరం. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. కాబట్టి ఈ రెండు చోట్ల వాళ్ళకు బస్సే దిక్కు.

1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు మొదటిసారి నిలబడినప్పుడు నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. ఇంత పెద్ద రాతి మెట్లు ఎక్కి లోపలికి పోవచ్చా, ఎవరైనా ఆపుతారా అనిపించింది. ఎవరూ ఆపలేదు. ఆ మెట్లు మనవి కూడా.

అసలు చిక్కు ఆ సాయంత్రం మొదలవుతుంది. సీటు వచ్చిన రోజే హాస్టల్ గది రాదు. దరఖాస్తు, జాబితా, అలాట్‌మెంట్ అని కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలు ఎక్కడ ఉంటారో ముందే అనుకోవాలి. నేను మన హాస్టల్ సీనియర్ అన్న గదిలో పంతొమ్మిది రోజులు చాప వేసుకొని పడుకున్నాను. ఆ గదిలో అప్పటికే నలుగురు ఉన్నారు. "ఐదోవాడివి నువ్వు, ఆరోవాడు వస్తే వాడికీ చోటు ఇయ్యాలె" అని అన్న నవ్వుతూ అన్నాడు. ఎవరూ తెలియకపోతే నగరంలోని సాంఘిక సంక్షేమ శాఖ కళాశాల వసతి గృహాలలో సీటు కోసం కూడా అడగవచ్చు. వెంట తీసుకుపోవలసినవి పెద్దగా లేవు. ఒక చాప, రెండు దుప్పట్లు, బకెట్, మంచి తాళం, పళ్ళెం, గ్లాసు చాలు.

ఇక్కడ ఒక పెద్దాయన సంగతి గుర్తు చేస్తాను. 1913లో డాక్టర్ అంబేడ్కర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పీజీ చదవడానికి పోయినప్పుడు ఆయన వయసు 22 ఏండ్లు. అంటే మన వయసే. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్ల వరకు. మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో దిగారు. తర్వాత చోటు మారి, లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడితో కలిసి ఉన్నారు. 1915లో ఎంఏ పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండడానికి గది ఇచ్చినవారు లేరు. అయినా డబ్బు కూడబెట్టుకొని, మిత్రుల సాయం తీసుకొని 1920లో మళ్ళీ లండన్ పోయి చదువు పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ ఆగడం, గది దొరకకపోవడం, మిత్రుడి ఆసరా. మన కష్టాలు కొత్తవి కావు. అంత పెద్ద మనిషీ వాటిని దాటే వచ్చాడని తెలిస్తే చాప మీద నిద్ర కూడా కొంచెం సుఖంగా పడుతుంది.

ఈ-పాస్ అంటే ఏమిటి?

మన చదువుకు ఊపిరి స్కాలర్‌షిప్. అందులో రెండు భాగాలు ఉంటాయని నాకు పీజీకి వచ్చేదాకా తెలియదు. ఆర్‌టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు. ఎంటీఎఫ్ అంటే మన భోజనం, వసతి ఖర్చు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కుటుంబ ఆదాయం ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపు ఉండాలి. డిగ్రీలో తీసుకున్నాం కదా, అదే నడుస్తుందిలే అనుకోవద్దు. కోర్సు మారింది కాబట్టి పీజీకి మళ్ళీ కొత్తగా దరఖాస్తు చేయాలి. ఆన్‌లైన్‌లో నింపి, మీ సేవలో వేలిముద్ర వేసి, ప్రింటు, జిరాక్సులు కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. చాలామంది ఆన్‌లైన్‌లో నింపడంతోనే పని అయిపోయిందనుకుంటారు. కాగితాలు ఆఫీసుకు చేరకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

దరఖాస్తులో మీరు ఎక్కడ ఉంటున్నారని అడుగుతారు. కాలేజీకి అనుబంధంగా ఉన్న హాస్టలా, శాఖ నడిపే హాస్టలా, విద్యార్థులే నడుపుకునే హాస్టలా, లేక రోజూ ఇంటినుంచి వచ్చిపోతారా అని. ఎంటీఎఫ్ ఎంత వస్తుందనేది దీనిమీదే ఆధారపడుతుంది. తెలియక "డే స్కాలర్" అని నొక్కితే ఏడాదంతా నష్టపోతారు. హాస్టళ్ళలో ఇంటర్ నుంచి పీజీ వరకు డైట్ చార్జీలను ప్రభుత్వం 2024లో నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. ఇది మన హక్కు. మన పేరు సరైన గడిలో ఉంటేనే అది మన దాకా వస్తుంది.

ఎక్కువమంది చిక్కుకునేది పేరు దగ్గర. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఈ చిన్న తేడాతో నా దరఖాస్తు రెండు నెలలు ఆగింది. మెమోలో పేరు మార్చడం కంటే ఆధార్‌లో మార్చడం సులభం. కాబట్టి ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేసుకోండి. తర్వాత బ్యాంకుకు పోయి, ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందా, ప్రభుత్వ డబ్బు నేరుగా పడేలా ఉందా అని అడగండి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలని 2020 డిసెంబరులో నిర్ణయించారు. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే వస్తుంది. పనిచేయని పాత ఖాతా నంబరు ఇస్తే ఆ డబ్బు రాదు.

మొదటి నెల ఖర్చు

స్కాలర్‌షిప్ చేరిన నెలలోనే రాదు. కొన్నిసార్లు ఏడాది కూడా పడుతుంది. కాబట్టి మొదటి నెలకు చేతిలో కొంత ఉండాలి. నేను పోయేటప్పుడు మా అమ్మ రెండు మేకలు అమ్మి 8,000 ఇచ్చింది. "లెక్క రాసుకో బిడ్డా, నాకు చెప్పనీకి కాదు, నీకు తెలవనీకి" అన్నది. ఆ లెక్క ఇంకా నా దగ్గర ఉంది. అడ్మిషన్ ఫీజు, హాస్టల్ మెస్ డిపాజిట్ కలిపి 4,500. దుప్పటి, బకెట్, తాళం వగైరా 900. ప్రయాణం, బస్ పాసు 650. జిరాక్సులు, ఫొటోలు 350. పాత పుస్తకాలు 600. మొత్తం 7,000. మిగిలిన 1,000 కదిలించకుండా దాచుకున్నాను. జ్వరం వచ్చినప్పుడు అదే ఆదుకుంది.

పుస్తకాలు ఎప్పుడూ ముందు లైబ్రరీలో చూడండి. దొరకనివే కొనండి, అవీ సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతాయి. చేతి ఖర్చుల కోసం రాత్రి పని ఒప్పుకునే ముందు ఆలోచించండి. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. నెలకు మూడు వేల కోసం పోయి ఏడాది స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నవారిని చూశాను.

క్లాసులో నోరు విప్పడం

నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఎంఏ అర్థశాస్త్రం మొదటి వారంలో సారు చెప్పిన పాఠంలో నాకు అర్థమైంది పావు వంతు. వెనుక బెంచీలో కూర్చొని అందరూ రాస్తుంటే రాసినట్టు నటించాను. ఇంటికి పోదామని ఒక రాత్రి సంచి కూడా సర్దాను.

నన్ను నిలబెట్టినవి రెండు పనులు. మొదటిది, ప్రతి పాఠాన్నీ ముందురోజు రాత్రి తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి పోవడం. పైచదువుల పుస్తకాలు తెలుగులో రావాలనే 1968లో ఆ అకాడమీని పెట్టారు. విషయం తెలుగులో తెలిసి ఉంటే ఇంగ్లీషు మాట వినగానే అతుక్కుంటుంది. రెండవది, రోజుకు పది ఇంగ్లీషు పారిభాషిక పదాలు నోటుపుస్తకంలో రాసుకోవడం. మూడు నెలల్లో తొమ్మిది వందల పదాలు అయ్యాయి. మొదటి సెమినార్‌లో నా కాళ్ళు వణికాయి, వాక్యాలు తప్పాయి. సారు మాత్రం, "విషయం చక్కగా పట్టుకున్నావు, భాష వస్తుంది" అన్నారు. అర్థం కాలేదని చెప్పడం సిగ్గు కాదు. క్లాసు అయ్యాక సార్ల గదికి పోయి అడగండి. అడిగేవాణ్ణి ఏ గురువూ మరచిపోడు.

గ్రూప్స్‌కు చదవాలా, పీజీ చదవాలా అని కూడా చాలామంది ఊగిసలాడతారు. రెండూ చేయవచ్చు, కానీ క్లాసు ఎగ్గొట్టి కాదు. పీజీ చదువుతూనే యూజీసీ నెట్ రాయవచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేసేవారికి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. మన ఊళ్ళో అంత జీతం వచ్చే ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టండి.

ఒంటరిగా మింగవద్దు

కొత్త చోట ఎవరైనా కులం పేరుతో వెక్కిరించవచ్చు, ర్యాగింగ్ చేయవచ్చు. "కోటావాడు" అని ఎదుటే అన్నవారిని నేనూ చూశాను. ర్యాగింగ్‌పై యూజీసీ 2009లోనే నిబంధనలు తెచ్చింది. 1800-180-5522 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు. యూనివర్సిటీలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఎక్కడుందో మొదటి వారమే చూసి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు పక్కగదివాడికి చెప్పండి. కష్టాన్ని ఒక్కడే మింగితే అది మనిషినే మింగుతుంది. వారానికి ఒకసారి ఇంటికి ఫోన్ చేయండి. మార్కుల సంగతి అమ్మకు అర్థం కాకపోవచ్చు, గొంతు మాత్రం అర్థమవుతుంది.

చివరగా రెండు విన్నపాలు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న తమ్ముళ్ళు మార్చిలోపే ఫైలు సిద్ధం చేసుకోండి, ఆధార్ పేరు సరిచేసుకోండి. పూర్వ విద్యార్థులైన అన్నలు ఏ ఊళ్ళో, ఏ క్యాంపస్‌లో ఉన్నారో, ఫోన్ నంబరుతో సహా వార్డెన్ సారు దగ్గర ఒక రిజిస్టరులో రాయించండి. మన హాస్టల్ నుంచి వచ్చే పిల్లవాడికి మొదటి రాత్రి పడుకోవడానికి ఒక చాప చోటు ఉందంటే అతని భయం సగం తగ్గుతుంది.

మొదట చెప్పిన నా దోస్తు ఏమయ్యాడంటారా? ఒక ఏడాది హైదరాబాదులో బట్టల దుకాణంలో పనిచేశాడు. సాయంత్రాలు చదివాడు. మళ్ళీ సీపీగెట్ రాశాడు. ఈసారి రిజల్టు రాకముందే టీసీ, మైగ్రేషన్ తెచ్చి ఫైల్లో పెట్టాడు. ఇప్పుడు మా క్యాంపస్‌లోనే మొదటి సంవత్సరం చదువుతున్నాడు. గది అలాట్‌మెంట్ వచ్చేదాకా పదహారు రోజులు నా గదిలోనే ఉన్నాడు. ఆ గదిలో ఆరోవాడు వాడే.

వచ్చే ఏడాది ఏడోవాడి కోసం చాప సిద్ధంగా పెట్టాం. రండి తమ్ముళ్ళారా.

మీ అన్న,
ఎంఏ అర్థశాస్త్రం రెండో సంవత్సరం, ఉస్మానియా విశ్వవిద్యాలయం
(హాస్టల్ పూర్వ విద్యార్థి)